చిమ్నీలో దొరికిన ఒంటి బూటు

మొదటి అడుగు మామూలుగానే పడుతోంది, ఈడ్చుకుంటూ వచ్చేది రెండోదే, అంటే కుడికాలు, బూటు కూడా కుడికాలిదే, కానీ బూటే లేనప్పుడు చప్పుడు ఎక్కణ్ణుంచి వస్తుంది, అయినా చెవికి తెలిసేదంతా బయటి చప్పుడేనని ఎవరన్నారు, లోపల్నుంచి ఎవరైనా తలుపు కొట్టినా చెవి అదే కబురు చెబుతుంది కదా...

"హెలెనా! వింటున్నావా అసలు?"

వింటూనే ఉంది. హారిస్ మాటల్ని మాత్రం కాదు.

శనివారం. మధ్యాహ్నం రెండు దాటింది. నగరం శివార్లలోని క్రెయిగీబర్న్ చివర, ఒకే అచ్చులో పోసినట్టున్న కొత్త ఇళ్ల మధ్య, నల్లరాతితో కట్టిన ఆ పాత హాలు ఒక్కటీ మిగిలిపోయింది. ఆదివారాలు తెలుగు క్రైస్తవ సంఘం వాళ్లు దాన్ని అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటారు. ఇవాళ అందులో ఉన్నది ఇద్దరే. హారిస్, హెలెనా.

మూడో మనిషి అడుగులు హెలెనాకు తప్ప ఇంకెవరికీ వినపడటం లేదు.

"విన్నాను. సోమవారం యూనివర్సిటీలో మీటింగు," అంది.

"బూటు దొరక్కపోతే పోలీస్ కంప్లైంట్. నా రీసెర్చ్ అక్కడితో స్టాప్. రీసెర్చ్ ఆగితే వీసా ఆగుద్ది. వీసా ఆగితే గుంటూరులో మా మామయ్య మొబైల్ షాపులో కూర్చుని స్క్రీన్ గార్డులు అతికించుకోవాలి." నవ్వబోయాడు. నవ్వు రాలేదు. "మూడేళ్లు హెలెనా. ఆ కౌంటీ తప్ప ఇంకోటి తలుచుకోలేదు నేను."

ఆ కౌంటీ పేరు నార్తాంప్టన్‌షైర్. ఇంగ్లండ్ నడిమధ్యలో ఉన్న జిల్లా అది. సముద్రం లేదు, పెద్ద కొండలూ లేవు. పొలాలు, గొర్రెలు, చర్చి గోపురాలు, బూట్లు కుట్టే పల్లెలు. హారిస్ దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. అయినా పదిహేడో శతాబ్దంలో ఉమ్మడి భూములకు దొరలు కంచెలు వేస్తే వాటిని పీకి పారేసిన రైతుల గురించి, ఆ తర్వాతి తరాల్లో సెంటు భూమి మిగలక ఇంటి పట్టున కూర్చుని తోలు కుట్టుకున్నవాళ్ల గురించి, సొంత పెదతాత సంగతులు చెప్పినట్టు చెబుతాడు. యూనివర్సిటీలో హిస్టరీ పీహెచ్‌డీ చేస్తున్నవాళ్లలో అతనికి పడిన పేరు ‘షైర్ సాబ్’.

అలా తోలు కుట్టినవాళ్ల కొడుకు ఒకడు తాపీపని నేర్చుకుని ఓడెక్కి ఇక్కడికొచ్చాడు. ఈ హాలు కట్టింది అతనే. కట్టినవాడు చిమ్నీ లోపల, ఎవరి కంటా పడని గూట్లో, ఒక పసివాడి బూటు దాచాడు.

ఒక్కటే. కుడికాలిది. అంచు ఒకపక్కే అరిగింది. ఆ పిల్లవాడు కాలు ఈడుస్తూ నడిచేవాడేమో.

పోయిన వేసవిలో చిమ్నీ రిపేరు చేయిస్తుంటే అది బయటపడింది.

నార్తాంప్టన్‌షైర్‌లో పాత ఇళ్లు విప్పితే ఇలాంటివి దొరుకుతూనే ఉంటాయట. చిమ్నీల్లో, గడపల కింద, గోడల్లో. అన్నీ తొడిగి తొడిగి అరిగినవే. చాలావరకు పిల్లలవి. ఎందుకు దాచారో ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. చెడుగాలి ఏదైనా చిమ్నీలోంచి దిగివస్తే బూటును చూసి మనిషనుకుని అందులో దూరి చిక్కుకుపోతుందని పండితుల ఊహ. అదీ ఊహే. వందల ఏళ్లపాటు ఎన్నో చేతులు, ఒక్క మాటైనా లేకుండా చేసుకుపోయిన పని.

హారిస్ ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు హెలెనా ఒళ్లు జలదరించింది. ఆమె చదువు సైకాలజీ. జ్ఞాపకం మీద పీహెచ్‌డీ. మాటల్లోకి ఎక్కని పని మనసులో ఎక్కడ ఉంటుంది? అదే ఆమె థీసిస్. బాపట్లలో వాళ్లింట్లో మాటల్లోకి రానిది ఒకటుంది. ఒక పేరు. ఏళ్లు గడిచాయి, ఎవరూ పలకలేదు.

"మళ్లీ మొదట్నుంచి చెప్పు," అంది హెలెనా. "పోయిన శనివారం. నీ టాక్ అయ్యేసరికి ఎంతైంది?"

"పన్నెండున్నర. నలభై మంది దాకా ఉన్నారు. మార్గరెట్ కూడా ఉంది."

మార్గరెట్ యూనివర్సిటీ మ్యూజియంలో వస్తువులన్నీ చూసుకునే కలెక్షన్స్ మేనేజర్. దొరికిన బూటును సంఘం వాళ్లు యూనివర్సిటీకి ఇచ్చేశారు. అది దొరికిన హాల్లోనే ఒక్కరోజు చూపిస్తానని హారిస్ ఆమెను బతిమాలి తెచ్చాడు. బాధ్యత నాదని సంతకం పెట్టాడు.

"తర్వాత?"

"బాక్సులోంచి తీసి, ఇదిగో, ఈ బల్ల మీద స్పాంజి వేసి దాని మీద పెట్టాను. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దని అందరికీ చెప్పాను. ఒంటిగంటకి బిర్యానీ వ్యాన్ వచ్చింది. శౌరయ్య అంకుల్ నడుం పట్టేసిందన్నాడు. ట్రేలు మొయ్యడానికి నేను బయటికెళ్లా. మార్గరెట్ ఏదో ఫోనొచ్చి కారు దగ్గరికెళ్లింది. పది నిమిషాలు కూడా కాలా. వచ్చి చూస్తే స్పాంజి ఉంది. బూటు లేదు."

"లోపల ఎవరున్నారు?"

"అందరూ. నువ్వూ ఉన్నావుగా, ప్లేట్లు సర్దుతా."

"నేను అమ్మతో ఫోన్లో ఉన్నాను. ఏమీ చూడలేదు."

అదే వారం రోజులుగా ఆమెను తొలిచేస్తోంది. బల్లకు అంత దగ్గర్లో ఉండి చూడకపోవడం.

"బ్యాగులు వెతికారు. కార్లు వెతికారు. చిమ్నీలోకి లైటేసి చూశారు. అందరూ మేం తియ్యలేదనే అంటున్నారు."

"చిమ్నీలో ఎందుకు చూశారు?"

హారిస్ తల దించుకున్నాడు. "నా వల్లే. ఇలాంటి బూట్లు దొరికినచోటే వదిలెయ్యాలని యూని మ్యాగజైన్లో పెద్ద మేధావిలాగా రాశాను. ఇప్పుడు మార్గరెట్ అదే చూపిస్తోంది. నువ్వే మళ్లీ ఎక్కడో దాచావు కదా అంటోంది."

"దాచావా?"

"ఛ! నువ్వు కూడానా?"

"అడగాలిగా."

"దాచలేదు. ఒట్టు."

అబద్ధమాడేవాళ్లు ఒట్టు వెనక ఇంకో వాక్యం తగిలిస్తారు. హారిస్ తగిలించలేదు.

"ఆ రోజు ఫొటో ఏమైనా తీశావా?"

"బూటు లేదని తెలియగానే ఒకటి తీశా. దేన్నీ ముట్టుకోకముందే." ఫోను తీసి ఇచ్చాడు. ఒంటిగంటా పన్నెండు నిమిషాలు. బల్ల. స్పాంజి. బైబిలు. వెట్ టిష్యూ ప్యాకెట్లు. పక్కన తడి.

"గ్లాసు ఒలికినట్టుంది," అన్నాడు.

హెలెనా ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేసింది. తడి చారలు చారలుగా ఉంది, ముగ్గు చెరిపినట్టు. స్పాంజి జానెడు పక్కకు జరిగింది. అది మొదట ఉన్నచోటే ఎక్కువ తడి.

"స్పాంజి నువ్వు జరిపావా?"

"దేన్నీ ముట్టుకోలేదన్నానుగా."

"ఒలికిన నీళ్లు స్పాంజిని పక్కకి జరిపి, దాని కింద చారలు గియ్యవు."

"అంటే?"

"ఇంకా తెలీదు."

తలుపు కిర్రుమంది. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. వచ్చింది శౌరయ్య. రైల్వేలో గార్డుగా చేసి రిటైరై, కొడుకు దగ్గరికొచ్చి ఉంటున్నాడు. హాలు తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. ఆదివారానికి కుర్చీలు వెయ్యడం ఆయన పని. చెప్పులు వరండాలో విప్పి, సాక్సులతో చల్లటి నేల మీద జారుకుంటూ వచ్చాడు.

"ఏందయ్యా షైర్ సాబూ, ఇంకా ఏడుస్తానే ఉండావా?"

"ఏడవడం అయిపోయిందంకుల్. ఇప్పుడు ఎంక్వయిరీ."

"అంకుల్," హెలెనా అడిగింది, "ఆ రోజు ఒంటిగంటకి మీరెక్కడున్నారు?"

"వరండాలో అమ్మా. కుర్చీలో కూలబడితే మళ్లా సాయంత్రందాకా లేవలా."

"బూటు పట్టుకుని ఎవరైనా లోపల్నుంచి వచ్చారా?"

"బూటు పట్టుకుని ఎవరొస్తారమ్మా? అందరూ ఆడ విప్పేసి లోపలికి పోయేవాళ్లే."

"అవి కాదంకుల్, ఆ మ్యూజియం బూటు."

"దాన్ని నేను కళ్లతో చూస్తే కదా చెప్పేది! చిమ్నీ పగలగొట్టినప్పుడు నేను నెల్లూరులో కంటి ఆపరేషన్ చేయించుకుంటా ఉండా. ఆ పొద్దు నడుం నెప్పితో బయటే ఉండిపోయా. అయినా ఏందమ్మా, రాజుగారి బూటా?"

"పేదవాళ్ల పిల్లాడిది."

"పేదోడి పిల్లాడి ఒంటిబూటుకి పోలీసులా! వీళ్లకి పనీపాటా లేనట్టుంది."

అంతవరకే. ఆయన కుర్చీలు లాగడం మొదలుపెట్టాడు. ఇనప కాళ్లు రాతినేల మీద ఈడ్చుకుపోతున్న చప్పుడు. హెలెనాకు ఆ చప్పుడు కింద ఇంకొకటి వినిపించింది. ఒక అడుగు మామూలుగా. ఒక అడుగు ఈడుస్తూ.

*

సాయంత్రం ఆరయ్యేసరికి ఇంటికి చేరింది. ఇల్లంటే వసంతకుమారి ఇల్లు. ముందు గది హెలెనాకు అద్దెకిచ్చింది. రేపల్లె మనిషి. ఏజ్డ్ కేర్‌లో, అంటే వృద్ధుల హోములో, నర్సు. సంఘంలో వంట, వడ్డన ఆమె చేతి మీదుగానే జరుగుతాయి. ఇప్పుడు వంటింట్లో గోంగూర వేయిస్తోంది.

"ఆంటీ, ఆ బూటంటే మీకు పడదు కదా?"

"పడదు. ఎవరికి పడుద్దమ్మా? అది బయటికి తీసిన కాణ్ణుంచి సండే స్కూల్ పిల్లలు ఆ మూలకి పోవట్లేదు. మా కరోలిన్ కూతురు ఏమందో తెలుసా? అమ్మమ్మా, దేర్ ఈజ్ ఎ కిడ్ ఇన్ ద చిమ్నీ అంది. నాలుగేళ్ల పిల్ల! దానికి ఎవరు చెప్పారు?"

"మీరు తీశారా?"

గరిటె ఆగింది.

"నేనా? చచ్చిన పిల్లాడి బూటది. మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థన చేసుకున్నా కూడా ముట్టుకోను. ఎవరో తీశారంటే వాళ్ల ధైర్యానికి దణ్ణం పెట్టాల."

"బల్ల మీద నీళ్లు ఎవరు ఒలకబోశారు?"

"నీళ్లెక్కడియ్యి? బాటిళ్లన్నీ అప్పటికి నా కార్లోనే ఉన్నాయి. నేను బల్ల మీద పెట్టింది వెట్ టిష్యూలు, ప్లేట్లు. అంతే." మళ్లీ గరిటె తిప్పింది. "ఆ రోజు నిన్ను చూస్తే జాలేసింది తల్లీ. ఫోన్లో అమ్మతో మాట్లాడతా ఒకటే తిరుగుతున్నావు. ఇంటి మీద బెంగా?"

ఆ రోజు అమ్మ ఏం మాట్లాడింది? హెలెనా ఆలోచించింది. ఒక్క మాట కూడా గుర్తుకు రాలేదు. అమ్మ గొంతు గుర్తుంది. ఆ గొంతులో మాటలున్నచోట మాత్రం ఖాళీ.

నీళ్లు లేవు. టిష్యూలు ఉన్నాయి. ఎవరో స్పాంజిని జరిపి బల్ల తుడిచారు.

ఎందుకు తుడిచారు?

గదిలోకి వెళ్లబోతూ గుమ్మం పక్కన ఆగింది. వసంతకుమారి నర్సు బూట్లు, హెలెనా చెప్పులు, మనవరాలి గమ్‌బూట్లు స్టాండు మీద వరసగా ఉన్నాయి. కింద నేల మీద బూటు అచ్చు ఒక్కటి మట్టితో పడి ఉంది. ఎవరో దాన్ని సగం తుడిచి వదిలేశారు.

ఫోను తీసి హారిస్‌కు చేసింది.

"రేపు ఆరాధన అయ్యాక ఆ రోజు బల్ల చుట్టుపక్కల ఉన్నవాళ్లని టీ కోసం ఆపు. మార్గరెట్‌ని రెండింటికి రమ్మను. నేను వాళ్లని మాటల్లో పెడతాను. నువ్వు పిల్లల చెప్పు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టు."

"చెప్పా? బల్ల మీదా? ఆంటీ నన్ను చంపుద్ది."

"అదే చూడాలి, ఎవరు చంపుతారో. ఇంకోటి. ఎప్పుడు పెడతావో నాక్కూడా చెప్పకు. నాకు ముందే తెలిస్తే నా చూపు అటు పోతుంది. నా చూపు పోతే అందరి చూపూ పోతుంది. ఎక్స్‌పెరిమెంట్ చెడుతుంది."

"మరి ఎవరు తీస్తారో ఎవరు చూడాలి?"

"నువ్వు. చెప్పు మీంచి కన్ను తిప్పకు. ఎవరి చెయ్యి దాని మీద పడితే ఆ చేతినే చూడు."

*

ఆదివారం. ఒకటిన్నర. బయట సన్నటి వాన, ఎముకలు కొరికే చలి. జనం వెళ్లిపోయారు. బల్ల చుట్టూ మిగిలింది వసంతకుమారి, శౌరయ్య, హారిస్, ఆ రోజు ప్లేట్లు సర్దిన ఇద్దరు ఆడవాళ్లు. బల్ల మీద టీ ఫ్లాస్కు, బిస్కెట్లు, టిష్యూలు, ఎవరో మరచిపోయిన బైబిలు.

హెలెనా కూర్చోలేదు. నడుస్తూ మాట్లాడటం ఆమెకు అలవాటు.

"బూటును ఎవరూ దొంగిలించలేదు," అంది.

"హమ్మయ్య," అంది వసంతకుమారి. "మరి ఏమైంది, రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

"ఎవరో తీశారు ఆంటీ. తీసినట్టు వాళ్లకే తెలీదు."

"అదెట్టా? నా చెయ్యి తీస్తే నాకు తెలీదా?"

"పొద్దున ఇంటికి తాళం వేశారా?"

"వేశా."

"వేసినట్టు గుర్తుందా?"

వసంతకుమారి తాళంచెవి కోసం బ్యాగు తడుముకుంది. "అంటే... వేసే ఉంటా. రోజూ వేస్తాగా."

శౌరయ్య పకపకా నవ్వాడు. "అమ్మాయి భలే పట్టుకుందే! వసంతమ్మా, పోయి చూసుకో, ఇల్లు బార్లా తెరిచుంటది."

"అంకుల్, మీరు టీలో చక్కెర వేసుకున్నారా?"

ఆయన నవ్వు ఆగింది. కప్పులోకి చూశాడు. ఒక గుక్క తాగి చూశాడు. "వేసుకున్నట్టే ఉంది."

"రోజూ చేసే పనిని చెయ్యి చేసుకుపోతుంది. మనసుకి చెప్పదు. మనసు ఇంకెక్కడో ఉంటే అసలే చెప్పదు. అందుకే ఆ రోజు అందరూ నేను తియ్యలేదని నిజాయితీగా చెప్పారు. మనమే తప్పు ప్రశ్న అడిగాం. మ్యూజియం వస్తువు తీశారా అని అడిగాం. తీసిన చేతికి అది మ్యూజియం వస్తువు కాదు."

"మరి?"

"కాలి చెప్పు."

హెలెనా బల్ల చుట్టూ తిరుగుతోంది. వాన చప్పుడు. దాని వెనక ఆ అడుగులు. మాట్లాడుతూ ఉంటే అవి కొంచెం దూరం జరుగుతున్నాయి. అందుకని ఆపకుండా మాట్లాడింది.

"హారిస్ ఫొటోలో బల్ల తుడిచి ఉంది. స్పాంజిని జరిపి మరీ తుడిచారు. దొంగ అయితే తీసుకుని పోతాడు, తుడవడు. దెయ్యానికి భయపడేవాళ్లు దాన్ని ముట్టుకోనే ముట్టుకోరు. అన్నం పెట్టబోయే బల్ల మీద, బైబిలు పక్కన, చిన్నపిల్లాడి బూటు. మన ఇళ్లల్లో పెరిగినవాళ్లకి అది కంట్లో నలుసు. చూస్తూ ఊరుకోలేరు. తీసేస్తారు. తీసి, అది ఆనినచోట తుడుస్తారు. మార్గరెట్‌కి ఈ ఆలోచనే రాదు, ఆమె బూట్లతోనే లోపలికొస్తుంది. కానీ హారిస్ చెప్పాడు, ఇంగ్లండ్ పల్లెల్లో కూడా బల్ల మీద బూట్లు పెడితే ఇంట్లో చావు అనేవాళ్లట. ఈ హాలు కట్టినవాడు ఇప్పుడు ఇక్కడుంటే అతనూ తీసేవాడు. మాట్లాడుకుంటూనే, అటు చూడకుండానే తీసేవాడు. ఆ రోజు మనలో ఒకరు అదే చేశారు. మాట్లాడుతూ..."

ఆగింది.

బిస్కెట్ నమిలే చప్పుడు ఆగిపోయింది. అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె ముఖాన్ని కాదు. కొంచెం కిందికి.

"ఏంటి?"

హారిస్ గొంతు సవరించుకున్నాడు.

"హెలెనా. నీ చేతిలో ఏముందో చూడు."

చూసింది. కుడిచేతిలో టిష్యూ. తడిది. నలిగిపోయి ఉంది.

బల్ల మీద, ఫ్లాస్కు పక్కన, తడి చారలు.

"చెప్పు పెట్టావా నువ్వు?" అంది. ఆ గొంతు తనది కానట్టు వినపడింది.

"పెట్టాను. నువ్వు తాళం గురించి అడుగుతున్నప్పుడు."

"ఎక్కడుంది?"

"వరండాలో. నువ్వే పెట్టొచ్చావు. దొంగ తుడవడు అంటూనే తీశావు, గుమ్మం దాకా వెళ్లావు, వంగి వరసలో పెట్టావు, వచ్చి బల్ల తుడిచావు. ఒక్క క్షణం కూడా మాట ఆపలేదు."

"యేసయ్యా," అంది వసంతకుమారి, చాలా మెల్లగా.

హెలెనా కుర్చీ వెతుక్కుని కూర్చుంది. జ్ఞాపకంలో వెనక్కి వెళ్లి వెతికింది. తాళం. చక్కెర. దొంగ. ఫొటో. అన్ని మాటలూ ఉన్నాయి. గుమ్మం లేదు. వంగడం లేదు. చెప్పు అసలే లేదు. ఉండాల్సినచోట ఏమీ లేదు, ఎలుక కొరికిన గుడ్డలా ఒక చిల్లు తప్ప.

ఆ చిల్లులోంచి ఇంకో గుమ్మం కనిపించింది.

తమ్ముడు. స్కూలు నుంచి రాగానే బూట్లు విప్పి డైనింగ్ టేబుల్ మీద పెట్టేవాడు. ఎన్నిసార్లు చెప్పినా అంతే. అమ్మ చూసి వీపు పగలగొట్టకముందే హెలెనా తీసేది. గుమ్మం పక్కన పెట్టి, బల్ల తుడిచేది. వాడు ఆరో ఏట డెంగ్యూతో పోయాడు. ఆ తర్వాత ఆ బూట్లు ఏమయ్యాయో ఎవరూ చెప్పలేదు. ఆమె అడగలేదు.

పోయిన శనివారం అమ్మ ఫోన్లో ఏమందో ఇప్పుడు గుర్తొచ్చింది. ఇంటికి సున్నం వేయిస్తున్నాం. అటక మీద సామాను దింపాం. ఎవరివో చిన్న బూట్లు కూడా ఉన్నాయే అక్కడ. అలాగే అంది. ఎవరివో అని.

"అమ్మా హెలెనా," శౌరయ్య ముందుకు వంగాడు. "నువ్వు ఆ పొద్దు ఫోన్లో మాట్లాడతా వరండాలోకి వచ్చి పోయావు. ఇప్పుడు జ్ఞాపకమొస్తా ఉంది. చేతిలో ఏముందో ఎవడు చూస్తాడు? చెప్పులకాడికి మనుషులు వస్తా ఉంటారు, పోతా ఉంటారు."

హెలెనా తలెత్తింది. "అంకుల్, అందరూ వెళ్లాక మిగిలిపోయిన చెప్పుల్ని ఏం చేస్తారు?"

"ఏం చేస్తా, అట్టపెట్టెలో వేసి ఆ స్టోర్ రూములో... " ఆయన నుదురు కొట్టుకున్నాడు. "ఆ సాయంత్రం వాన జల్లు కొడతా ఉంటే చూడకుండా అన్నీ కలిపి ఎత్తి పడేశానమ్మా!"

నడుం నొప్పి ఎటు పోయిందో. ఆయనే పరిగెత్తి పెట్టె తెచ్చాడు.

ఒక గులాబిరంగు క్రాక్స్ చెప్పు. తెగిన హవాయి చెప్పు. ఎవరిదో క్రికెట్ షూ. అట్టడుగున, మూలకు ఒదిగి, నల్లగా, గట్టిపడిపోయి, అరచెయ్యంత బూటు. అంచు ఒకపక్కే అరిగింది.

హారిస్ చెయ్యి చాచి, టక్కున వెనక్కి తీసుకున్నాడు. జేబులన్నీ తడుముకున్నాడు. "గ్లవ్స్... నా గ్లవ్స్ ఎక్కడ..." వసంతకుమారి వాటిని బల్ల కింద వెతికి తెచ్చి, చిన్నపిల్లాడికి తొడిగినట్టు అతని చేతులకు తానే తొడిగింది. అతను బూటును ఎత్తి రెండు చేతుల మధ్య పట్టుకున్నాడు. కళ్లు తుడుచుకోవడానికి వీల్లేకపోయింది.

బయట కారు ఆగింది. డోర్ వేసిన చప్పుడు.

"మార్గరెట్," అన్నాడు.

శౌరయ్య గొంతు తగ్గించి హెలెనా వైపు జరిగాడు. "అమ్మా, నేను తీశానని చెప్తా. ముసలోణ్ణి, చూపు ఆనదు, తెలీక తీసి బయట పెట్టా అంటా. నన్నేం చేస్తారు? నీకు చదువు కావాల."

"అదే మంచిది తల్లీ," అంది వసంతకుమారి. "నువ్వేమో జ్ఞాపకం మీద చదువుతున్నావాయె. నీ చెయ్యి చేసింది నీకే తెలీలేదంటే రేపు ఆ యూనిలో నీ మాట ఎవరు నమ్ముతారు? హారిస్ బయటపడ్డాడు. బూటు దొరికింది. ఇంకెందుకు? నోరు మెదపకు."

హారిస్ బూటు వైపే చూస్తున్నాడు.

నోరు మెదపకపోవడం హెలెనాకు తెలియని విద్య కాదు. ఒక ఇల్లు ఇల్లంతా ఏళ్ల తరబడి అదే చేసింది. చిమ్నీలో రాయి కప్పి, సున్నం పూసి, కింద నిప్పు రాజేసుకుని, చుట్టూ కూర్చుని రొట్టె తిన్నవాళ్లూ అదే చేశారు. పైన ఏముందో అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. అందుకే ఇన్నేళ్లకు కూడా ఆ పిల్లవాడి పేరు ఎవరికీ తెలియదు.

తలుపు తెరుచుకుంది. మార్గరెట్ తడిసిన కోటుతో, బూట్లతో లోపలికొచ్చింది. హారిస్ చేతుల్లోకి చూసింది. గట్టిగా ఊపిరి వదిలి, పక్కనున్న కుర్చీని పట్టుకుంది. తర్వాత బల్ల చుట్టూ ఉన్న ఒక్కొక్క ముఖాన్నీ చూసింది.

"సో," అంది. "హూ మూవ్డ్ ఇట్?"

శౌరయ్య రెండు చేతులూ కుర్చీ మీద ఆనించి లేవబోయాడు.

ఆయన నడుం ఇంకా పూర్తిగా లేవకముందే, హెలెనా తడి టిష్యూను ఎడమచేతిలోకి మార్చుకుని, క్లాసులో జవాబు తెలిసిన పిల్లలా, కుడిచెయ్యి పైకెత్తింది.